మా బావ పగటి నిద్ర

మా బావ పోయాడు. మా అక్క భర్త. రాత్రిపూట సరుకుల విమానం నడిపే పైలట్. పోయింది ఆకాశంలో కాదు, గాలివానలోనూ కాదు. పట్టపగలు, మా మేడ మీద గదిలో, మంచం మీద, నిద్రలో. సాయంత్రం అక్క కాఫీ గ్లాసు పట్టుకుని లేపడానికి వెళ్తే లేవలేదు. డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పొద్దున్నే పోయి ఉంటుందన్నాడు.

అంటే ఆ రోజంతా మేం చేసిన నిర్వాకం ఏమిటో చూడండి. పోయిన మనిషికి నిద్రాభంగం కాకూడదని ఇంటిల్లిపాదీ మునివేళ్ళ మీద నడిచాం. అక్క కుక్కరు పెట్టకుండా గిన్నెలో అన్నం వార్చింది. నేను దగ్గు వస్తే వీధి చివరి దాకా వెళ్ళి దగ్గి వచ్చాను. బతికినన్నాళ్ళూ నన్ను విసిగించింది చాలక, పోయిన రోజు కూడా నన్ను దొంగలా నడిపించాడు మహానుభావుడు.

ఈ నాలుగు ముక్కలు మన సంఘ పత్రికకి రాయమని పాస్టరుగారు అడిగారు. "నేను టెన్త్ తప్పినవాణ్ణండీ" అన్నాను. "నోరైతే తప్పలేదుగా, రాయండి" అన్నారు. కాబట్టి ఇందులో తప్పులుంటే ఆయన్ని అడగండి.

నాది మైక్ సెట్ల షాపు. విజయవాడలో బందరు కాలువకి దగ్గర్లో మా ఇల్లు, కింద షాపు, పైన బావా అక్కా. పెళ్ళికీ, పండక్కీ, ఎన్నికలకీ, చావుకీ నా బాక్సులు వెళ్ళాల్సిందే. చప్పుడు అమ్ముకుని బతికేవాణ్ణి. దేవుడు నాకు రైల్వే స్టేషన్లో ప్రకటనలు చెప్పే గొంతు ఇచ్చాడు. దాంతో ఈ వీధిలో ఎంతమందిని ఏడిపించానో నాకే గుర్తులేదు. అలాంటి నా నెత్తిమీద, పగలు పడుకునే మనిషిని తెచ్చి పెట్టాడు చూడండి, ఆ దేవుడే!

అక్క పెళ్ళి పామర్రులో, మా పెదనాన్న ఇంటి పక్కనున్న చర్చిలో జరిగింది. మైకు నాదే. బావమరిదికి బావని ఆటపట్టించే హక్కు పుట్టుకతో వస్తుంది కదా. పెళ్ళికొడుకు కారు కొంచెం ఆలస్యమైంది. అంతే, మైకు అందుకున్నాను. "దయచేసి వినండి. ఇబ్రహీంపట్నం నుంచి పామర్రు వచ్చు పెళ్ళికొడుకు నిర్ణీత సమయానికంటే ఒక గంట ఆలస్యంగా వచ్చును. అసౌకర్యానికి చింతిస్తున్నాము." జనం పడీపడీ నవ్వారు. అప్పుడే కారు దిగిన బావ నా దగ్గరకి వచ్చి, మొహంలో ఒక్క గీత కదలకుండా, "గంట ఆలస్యం. అర్థమైంది" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత తెలిసింది, అది పైలట్ల అలవాటట. కిందనుంచి ఏం చెప్పినా విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, పొరపాటు జరగకుండా. గాలిలో బాగానే ఉంటుంది. ఇంట్లో భరించేదెవరు? "బావా, రేపు వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా" అంటే, "రేపు. పెరుగు. తెస్తాను" అనేవాడు. "బావా, నీకు బుర్ర లేదు" అన్నా, "బుర్ర లేదు. సరే" అనేవాడు. ఏ పరాచికమైనా గోడకి కొట్టిన బంతిలా తిరిగి రావాలి. ఈయన మీద వేస్తే బురదలో వేసిన రాయే, చప్పుడుండదు.

పెళ్ళినాటికి ఆయనకి లైసెన్సు ఉంది, ఉద్యోగం లేదు. ప్రయాణికుల విమానాల వాళ్ళు పిలిచేవాళ్ళు, పరీక్ష పెట్టేవాళ్ళు, పంపించేసేవాళ్ళు. ఈలోగా ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునేవాడు. మా పెదనాన్న కనబడినప్పుడల్లా, "అల్లుడుగారూ, విమానం నేర్చారు బానే ఉంది, ఎప్పుడు కొంటున్నారు?" అనేవాడు. "కొనడం లేదండీ" అని బావ నిజంగానే జవాబు చెప్పేవాడు. పేరంటాల్లో ఎవరైనా "మీవారేం చేస్తారమ్మా?" అంటే మా అక్క లేచి మంచినీళ్ళకి వెళ్ళేది. ఆ సంవత్సరాల్లో అక్క తాగినన్ని మంచినీళ్ళు కృష్ణలో కూడా ఉండవు. లైసెన్సు నిలవాలంటే ఊరికే దాచుకుంటే చాలదు, ఎగురుతూ ఉండాలి, డాక్టరు పరీక్షలు దాటుతూ ఉండాలి. వయసేమో ఆగదు. ఇక ఒక్క అవకాశం మిగిలింది, అదీ పోతే జీవితాంతం ఫిజిక్సే అని అక్క నాతో చెప్పి ఏడ్చింది.

ఆ ఒక్క అవకాశం చెన్నైలో. చిన్న కార్గో కంపెనీ. రాత్రి మన గన్నవరం విమానాశ్రయంలో లేచి, చెన్నైలో పార్సిళ్ళు దించి, రొయ్యపిల్లల్ని ఎక్కించుకుని, తెల్లారేలోపు మళ్ళీ గన్నవరంలో దిగాలి. మన చెరువుల కోసం ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్ పట్టి తెచ్చే రొయ్యపిల్లలే ప్రయాణికులు. "ఆయనతో వెళ్ళరా, దారంతా నువ్వు వాగుతుంటే ఆయనకి భయం వెయ్యదు" అని అక్క నన్ను తోడు పంపింది. మీరే చెప్పండి, నాకు తెలిసినంతలో నా నోటికి దొరికిన మొదటి మర్యాద అదే.

ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్నాను. నల్లకళ్ళద్దాలు జేబులో పెట్టుకున్న కుర్రాళ్ళు ఇంగ్లీషులో గలగలలాడుతున్నారు. మా బావ ఒక్కడే ఇస్త్రీ చొక్కాలో, పెళ్ళిచూపులకి వచ్చిన రెండో సంబంధంలా కూర్చున్నాడు. లోపలికి వెళ్ళాడు, వచ్చాడు, నీళ్ళు తాగాడు. ఏమైందంటే చెప్పడే! తిరుగు రైల్లో గూడూరు దాటాక నోరు విప్పాడు.

"పగలు నిద్రపోగలవా అని అడిగారు రా."

"ఏమన్నావు?"

"మా నాన్న సంగతి చెప్పాను."

బావ వాళ్ళ నాన్న ఇబ్రహీంపట్నం కరెంటు స్టేషన్లో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. వాళ్ళ క్వార్టర్ల లైన్లో ఒక కట్టుబాటు ఉండేదట. రాత్రి షిఫ్టు దిగిన మనిషి ఇంటికి రాగానే ఆ ఇల్లాలు ఖాళీ క్యారేజీ కడిగి గేటుకి తగిలించేది. గేటుకి క్యారేజీ వేలాడుతోందంటే లోపల రాత్రి పనిచేసిన మనిషి పడుకున్నాడని గుర్తు. కూరలవాడు కేక మానేసేవాడు. పిల్లలు పక్క లైన్లోకి పోయి ఆడుకునేవాళ్ళు. అప్పులవాడు కూడా సాయంత్రం వచ్చేవాడట.

"అది చెప్పావు సరే. వాళ్ళేమన్నారు?"

"ఇప్పుడు మీ ఇంట్లో అలా జరుగుతుందా అన్నారు. కింద బావమరిది మైకు షాపు ఉంది సార్ అన్నాను."

"చంపావు పో!"

"అందరూ నవ్వారు. మరెలా అన్నారు. మా బావమరిది మాటిచ్చాడు సార్, క్యారేజీ గేటుకి ఉన్నంతసేపు షాపులో మైకు మోగదు అన్నాను. అయితే సరే అన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేనెప్పుడు మాటిచ్చాను బావా?"

"ఇవ్వలేదా?" అని కిటికీలోంచి బయటకి చూశాడు. "అయితే ఇప్పుడు ఇవ్వు."

కొద్ది రోజులకి ఉద్యోగం కాగితాలు వచ్చాయి. అక్క పామర్రు వెళ్ళి, ఎవరూ అడగకుండానే మా ఆయన పైలట్ అని ఊరంతా చెప్పి వచ్చింది. ఇక ఇక్కడ నా బతుకు మొదలైంది. పొద్దున్నే బావ ఆటో దిగడం, అక్క క్యారేజీ కడిగి గేటుకి తగిలించడం, నేను నోరు మూసుకోవడం. మైకు షాపు పెట్టుకుని మైకు పరీక్ష చెయ్యలేని వెధవని ఆంధ్రదేశంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. గిరాకీ వచ్చి "ఏదీ, ఒకసారి మోగించండి" అంటే, బాక్సులు రిక్షా మీద వేసుకుని బందరు కాలువ గట్టుకి పోయేవాణ్ణి. అక్కడ గేదెలకి "హలో, మైక్ టెస్టింగ్" వినిపించేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు. కొందరు గిరాకీలు పక్క వీధి షాపుకి పోయారు కూడా.

ఒకసారి ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజులు. ఎదురింట్లో బ్యాండు మేళం దిగింది. నాది కాదు మహాప్రభో, బయటిది. బావకి కన్ను మూతపడలేదు. సాయంత్రం కంపెనీకి ఫోన్ చేసి ఈ రాత్రికి రానన్నాడు. వాళ్ళు గట్టిగానే మాట్లాడారు. ఫోన్ పెట్టేశాక నేనూ అందుకున్నాను.

"ఒక్క పూట నిద్ర లేకపోతే కొంప మునిగిందా బావా? లారీ డ్రైవర్లు రెండు రాత్రులు వరసగా తోలట్లా?"

"లారీవాడికి నిద్రొస్తే పక్కన ఆపుకోడానికి మార్జిన్ ఉంటుంది రా. నాకెక్కడుంది?"

ఆ మాటకి నాకు ఇంకా కోపమొచ్చింది. మర్నాడే ఆ క్యారేజీ అడుగుగిన్నెలో చిన్న స్పీకరు పెట్టాను. కూరలవాడు "వంకాయలో" అని నోరు తెరవగానే, షాపులోంచి గుసగుసగా "హుష్! పడుకున్నారు!" అన్నాను. క్యారేజీ మాట్లాడేసరికి వాడు బండి వదిలేసి యేసయ్యా అంటూ పరిగెత్తాడు. వాడు ఏలూరు రోడ్డు దాకా ఆ కథ చెప్పాడు. అప్పట్నుంచి ఎవడూ మా గేటు దగ్గర గొంతెత్తలేదు. సాయంత్రం బావకి చెప్తే, "క్యారేజీ మాట్లాడింది. సరే. సౌండు కొంచెం తగ్గించు" అన్నాడు. అంతే! ఇంకొకడైతే కడుపు పట్టుకుని నవ్వేవాడు.

సమాధుల తోటకి తీసుకెళ్ళే రోజు పాస్టరుగారు మైకు పెట్టించమన్నారు. ఊరందరి చావులకీ పెట్టినవాణ్ణి, మా బావకి పెట్టలేదు. "ఆయన్ని పడుకోనివ్వండి, మీరే కొంచెం గొంతు పెంచండి" అన్నాను. పెట్టె మూసేముందు వంగి, "బావా, ఇక హాయిగా పడుకో" అన్నాను. నా మాట తిరిగి చెప్పకుండా ఊరుకోవడం ఆయనకి అదే మొదలు.

బావ పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థనకి చెన్నై నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆ కంపెనీలో ఒకప్పటి కెప్టెన్, నెల్లూరు వైపు మనిషి, బావకి ఇంటర్వ్యూ చేసింది ఆయనే. భోజనాల దగ్గర కూర్చోబెట్టి, "సార్, ఆయనకి ఉద్యోగమిప్పించిన మైకు బావమరిదిని నేనేనండీ" అన్నాను.

"మైకేంది? బావమరిదేంది?" అన్నాడాయన.

"అదేనండీ, పగలు నిద్రపోగలవా అని అడిగారుగా."

"నిద్ర సంగతి మేమెందుకు అడుగుతామయ్యా? నేను అడిగింది మంచు గురించి. గన్నవరంలో మంచు పట్టి రన్‌వే కనబడకపోతే ఏం చేస్తావన్నా. దిగను సార్, హైదరాబాద్ పోతానన్నాడు. రొయ్యపిల్లలు చస్తాయి కదయ్యా అన్నా. చస్తాయి సార్, చచ్చేది రొయ్యపిల్లలే కదా అన్నాడు. అంతకుముందు వచ్చిన కుర్రాళ్ళంతా ఎట్లా దిగుతారో చెప్పినారు. దిగనన్నది ఇతనొక్కడే. ఆడికాడే సంతకం పెట్టేసినా."

అన్నం ముద్ద నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళు! ఇన్నేళ్ళు గేదెలకి మైకు వినిపించానండీ నేను! అక్క వైపు తిరిగాను. తెల్లచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. బావ పోయాక అదే మొదటిసారి.

"నీకు ముందే తెలుసా?"

"ఉద్యోగమొచ్చిన రోజే చెప్పారు. సంపాదించడం అయిపోయింది, నిలబెట్టుకోవాలంటే నీ తమ్ముడి నోరు మూయించాలి, బతిమాలితే వినడు అన్నారు."

"ఆయనకి హాస్యం కూడా వచ్చా?"

"నాకు పెళ్ళయిన వారానికే తెలుసురా. మొహమే సహకరించేది కాదు."

బావమరిది బావ బతుకు కోరతాడని మనవాళ్ళు సామెత చెప్తారు. నన్ను అడక్కుండానే నాచేత కోరించాడు. ఊరందరినీ ఏడిపించిన నన్ను ఇంత పెద్ద ఆట పట్టించి, దొరక్కుండా పడుకున్నాడు. పోనీ ఒక్కసారి లేస్తే తిట్టి మళ్ళీ పడుకోబెడదును.

నిన్న పొద్దున ఉయ్యూరు నుంచి ఒక గిరాకీ వచ్చాడు. కొత్త బాక్సులు చూసి ముచ్చటపడి, "ఒకసారి మోగించండి, విందాం" అన్నాడు. ఇక నాకు అడ్డమేముంది? ప్లగ్గు పెట్టాను, మైకు అందుకున్నాను. ఎందుకో గేటు వైపు చూశాను. అక్క అలవాటు కొద్దీ తగిలించిందో, కావాలనే తగిలించిందో, క్యారేజీ వేలాడుతోంది. కడిగిన తడి ఇంకా ఆరలేదు. అడుగుగిన్నె నుంచి ఒక్కొక్క చుక్కా గేటు గడప మీద పడుతోంది. అటుగా వచ్చిన కూరలవాడు దాన్ని చూసి, కేక మింగి, బండి మెల్లగా తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ప్లగ్గు పీకేశాను. "ఇక్కడ కాదండీ, కాలువ గట్టుకి పోదాం పదండి" అని బాక్సులు రిక్షా మీదకి ఎత్తాను.