రివర్స్‌లో వెలగని లైటు

రేపటికి కోపం తగ్గితే నేనూ సర్దుకుపోతాను, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నిన్న నోయిడాలో ఒక వర్క్‌షాపువాళ్లు నా ఆటోమేటిక్ కారుకి కొత్త గేర్ పొజిషన్ స్విచ్ వేశారు. గేరు ఎక్కడుందో కారుకి చెప్పేది, రివర్స్‌లో వెనక లైటు వెలిగించేది అదే. ఈ ఉదయం పార్కింగ్‌లో రివర్స్ వేస్తే వెనక తెల్ల లైటు వెలగలేదు. కారు వెనక్కి వస్తోందని తెలియక మా పైఫ్లాట్ ఆంటీ అడ్డంగా నడిచి వచ్చేశారు. జానెడు దూరంలో ఆపగలిగాను.

నేరుగా వర్క్‌షాపుకే వెళ్లాను.

"భయ్యా, గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్విచ్ మీది గుర్తులు కలిపాకే బిగించారా?" అని అడిగాను.

"అరే మేడమ్, గాడీ చల్ రహీ హై నా? ఘర్ సే కిసీ జెంట్స్ కో భేజ్ దో, సమ్‌ఝా దేంగే," అన్నాడు మెకానిక్.

బండి నడుస్తోంది కదా, ఇంట్లోంచి మగవాళ్లనెవరినైనా పంపితే వాళ్లకి వివరిస్తాడట! మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే, కారు కొన్నదాన్నీ నేనే. ఇంకెవర్ని పంపను?

"నడిపేది నేను. నాకే సమ్‌ఝాయించండి," అన్నాను. నవ్వి, ఇంకో కారు బానెట్ ఎత్తాడు.

ఆంటీకి దెబ్బ తగిలుంటే పోలీసులు పిలిచేది నన్నే కదా, జెంట్స్‌ని కాదు.

ఈ స్విచ్ సరిగ్గా అమర్చి, లైటు నా కళ్లముందే వెలిగించి చూపే మెకానిక్ ఎవరైనా తెలిస్తే శనివారంలోగా చెప్పండి. అప్పటిదాకా కారు తియ్యను.