రిలీవర్ కోసం కూర్చున్న నరసమ్మత్త

ఈ ఉదయం టీకొట్టు ముందు బొగ్గులు రాజేస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. ముందు చిరాకేసింది, వెంటనే నరసమ్మత్త గుర్తొచ్చింది. తొంభైల్లో భిలాయి ఉక్కు ప్లాంటు పనివాళ్లుండే క్యాంప్ 1లో ఆవిడది మా పక్కిల్లు. చుట్టమేమీ కాదు, మాలాగే విజయనగరం వైపు నుంచి వచ్చారు కనుక అత్త అయింది. మా అమ్మకు ఉబ్బసం. సిగిడీ, అదే బొగ్గుల కుంపటి, రాజేసిన ప్రతి పొద్దూ ఊపిరాడక గుమ్మంలో కూలబడేది. పొగ మానకపోతే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు. గ్యాస్ బండ మా వరకూ ఎప్పుడొస్తుందో తెలియదు. అత్త ఊరుకోలేక, ఆఫీసుల చుట్టూ తిరిగి, సందు చివర అందరికీ కలిపి గోబర్ గ్యాస్ గొయ్యి కట్టించింది.

గేదెలున్న ప్రతి ఇల్లూ రోజూ బకెట్టు పేడ తేవాలన్నది ఒప్పందం. మీటింగులో అందరూ తలూపారు. తలూపడంలో మా సందును మించినవాళ్లు లేరు. తీరా గొయ్యి తయారయ్యాక ఒక్కరూ రాలేదు. అత్తా, వెంట నేనూ ఇంటింటికీ వెళ్లి అడిగితే ఒకటే మాట: "ఇంకెవులేసారు?" ఒకావిడ మరీ, "ఏటి, ఆళ్ల గేదె పేడతో మా పొయ్యి ఎలగాలా?" అంది. ఆవిడ వాకిట్లోనే బజారులో కొన్న పిడకల గుట్ట! అవి ఏ గేదెవో ఎవరడిగారు? నాకు తల బాదుకోవాలనిపించింది.

అత్త బతిమాలడం మానేసింది. ఒక పొద్దున తన బకెట్టు గోతిలో పోసి, కలిపి, ఆ గట్టు మీదే కూర్చుంది. మొదటి షిఫ్టుకు సైకిలెక్కిన మా సందులోని సూర్నారాయణ బాబాయి ఆగాడు.

"ఏటొదినా, ఇక్కడ కూకున్నావు?"

"నా రిలీవర్ రాలేదు బాబూ. డూటీ ఎలా దిగీది?"

ప్లాంటులో తర్వాతి మనిషి వచ్చేదాకా పనిచోటు వదలకూడదు. ఆలస్యంగా వెళ్లి సాటివాణ్ణి నిలబెట్టినవాణ్ణి మా సందంతా ఏడిపించేది. బాబాయి షిఫ్టు ముగించుకొచ్చేసరికి అత్త ఎండలో అక్కడే ఉంది. ఆయన సైకిలు గోడవార పడేసి, పెళ్లాం మీద అరిచి, బకెట్టు తనే మోసుకొచ్చాడు. మర్నాటి నుంచి ఒకరి తర్వాత ఒకరు సణుక్కుంటూనే వచ్చారు.

"వీళ్ల కోసం నీకింత అవస్థెందుకత్తా?" అని కసురుకున్నాను.

"ముందెల్లినోడు ఎర్రోడైపోతాడని అందరికీ బయ్యం, అమ్మీ. ఆ ఎర్రితనం నాను తీసీసుకున్నాను."

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో సోలార్ పలకల మీటింగు పెడితే అందరూ పక్కవాళ్ల ముఖాలు చూస్తారు. ఒళ్లు మండి నేనే ముందు చెయ్యెత్తుతాను.

అప్పట్లో, అందరూ పేడ పోయడం మొదలెట్టిన కొన్ని వారాలకు మా ఇంటి గొట్టంలోకి గ్యాస్ వచ్చింది. ఇంత రభసా ఎవరి కోసమో ఆ అమ్మే పొయ్యికి దూరంగా నిలబడి, "ముందు పక్కోలిని ఎలిగించనీ" అంది! నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం అగ్గిపెట్టె అమ్మ చేతిలో కుక్కి, మా గుమ్మంలో చతికిలబడింది. "నువ్వెలిగించీదాకా లెగను."

అమ్మ వెలిగించింది. నీలం మంట మీద పప్పు ఉడికింది, అన్నం ఉడికింది. అంతసేపూ అమ్మ నన్ను తిడుతూనే ఉంది, అత్తను పురెక్కించి కూర్చోబెట్టింది నేనేనని. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు. అమ్మ నోట అంత పొడుగు తిట్టు నేనెన్నడూ వినలేదు. ఇన్నేళ్లయినా అది నా చెవుల్లోనే ఉంది.