నదికి పోయినవాని పేరు

పోయిన గురువారం పొద్దున ఆదోని నుంచి వచ్చే మొదటి బస్సు మా బడి గేటు ముందర ఆగింది. అది బస్సు ఆగే చోటు కాదు. నేను ఎమ్మిగనూరులో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్తాను. దిగిన కండక్టరు ఒకప్పుడు కాలేజీలో మా అత్త దగ్గర చదువుకున్నవాడు.

"మేడం పోయినారమ్మా. తెల్లారి పక్కింటి బీబమ్మ పాలు ఇయ్యడానికి పోయి చూసిందంట. కుర్చీలో కూర్చున్నట్లే ఉన్నారంట," అన్నాడు. టికెట్ల పెట్టెను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "బస్సు తిప్పుకొని వస్తాము. ఈడనే నిలబడండి."

ఆదోనిలో ఆమెను ఈజిప్టు మేడం అనేవారు. గిట్టనివాళ్లు శవాల మేడం అనేవారు. రెండు పేర్లూ ఆమెకు తెలుసు. నాకు మాత్రం మా నాయన చెల్లెలు. పాతకాలపు ఈజిప్టు భాషను రాళ్ల మీదనే చదవడం నేర్చుకోవడానికి మన దేశం నుంచి పోయిన మొదటి కొద్దిమందిలో ఆమె ఒకరు. అందులోనూ ఆమె పట్టుకున్న పని వేరు. ఆ దేశంలో చనిపోయినవాని మీద పగ ఉంటే, సమాధి గోడ మీది పేరును ఉలితో గీకేసేవారట. పేరు పోతే మనిషి రెండోసారి చచ్చినట్లని వాళ్ల నమ్మకం. అట్లా గీకేసిన పేర్లను మా అత్త మళ్లీ చదివేది. రాజుల పేర్లు కాదు. గుమాస్తాలవి, పూజారుల భార్యలవి, ఊరూ పేరూ లేకుండా పోయిన మామూలు మనుషులవి. ఆమె రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ పై దేశాల్లో పాఠంగా చదువుతారు. ఆదోనిలో దాన్ని చూసినవాళ్లు తక్కువ.

ఆమె అంత దూరం ఎందుకు పోయిందో చెప్పాలంటే తుంగభద్ర ఒడ్డున ఉన్న మా మాధవరం నుంచి మొదలుపెట్టాలి. మా తాత ఆ ఊర్లో పిల్లలకు సంస్కృతం చెప్పేవాడు. ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, పంచలో సంస్కృతం. అత్త ఆ మూడింటి నడుమ పెరిగింది. చిన్న వయసులోనే ఆదోనిలో ఒక పంతులుగారి ఇంటికి కోడలై పోయింది. మరుసటేడు వానాకాలంలో ఆమె భర్త, నాకు మామ, ఆమెను పుట్టింటికి తీసుకొచ్చి, పొద్దున్నే తుంగభద్రకు స్నానానికి పోయినాడు. నది ఎర్రగా, నిండుగా ఉంది. ఒడ్డున పంచె, చెంబు దొరికినాయి. మనిషి దొరకలేదు. దిగువ ఊర్లన్నీ వెతికించినారు. చివరికి దర్భతో మనిషి బొమ్మ కట్టి, దానికి ఆయన పేరు పెట్టి దహనం చేసినారు.

"గడ్డి ఎంతసేపు కాలుతుందే? మంత్రం అయ్యేలోపలే అయిపోయింది," అని అత్త నాతో ఒకసారి అన్నది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆమెను చదువుకు పంపింది పుట్టింటివాళ్లు కాదు, ఆమె అత్తగారు, మామను కన్నతల్లి. నేను ఆ పెద్దామెను అవ్వా అనేదాన్ని. అవ్వ ఒకనాడు కోడలిని పిలిచి, "నువ్వు ఎదురుగా తిరుగుతాంటే వాడు లేడన్నదే నాకు కనపడతాంది. నీకూ అంతే కదా. ఇద్దరం ఒకే గోడను చూస్తా కూర్చుంటే ఏమొస్తుంది? మద్రాసు పోమ్మా, చదువుకో," అన్నదట.

మద్రాసు కాలేజీ లైబ్రరీలో అత్తకు ఒక బొమ్మల పుస్తకం కంటబడింది. శవం పాడైనా, అసలు దొరక్కపోయినా, రాతి మీద పేరుంటే చాలు, దాన్ని ఎవరో ఒకరు పలికితే చాలు, మనిషి ఉన్నట్లే అనుకున్న జనం గురించి అందులో ఉంది. "ఆ పేజీ దగ్గర కూర్చున్నదాన్ని ఇంకా లేవలేదు," అనేది నవ్వుతూ. స్కాలర్‌షిప్పు మీద సముద్రాలు దాటింది. అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పి, చలికాలాలన్నీ నైలు ఒడ్డున గోడల ముందర మోకాళ్ల మీద గడిపింది. డెబ్బైల మొదట్లో అవ్వకు మతి తప్పుతోందని తెలిసి, సెలవు పెట్టి ఆదోనికి వచ్చింది. మళ్లీ పోలేదు.

అవ్వకు పాత సంగతులు బాగానే గుర్తుండేవి. కొడుకు పోయినాడన్నది ఒక్కటే తుడిచిపెట్టుకుపోయింది. రోజూ పొద్దు వాలేసరికి వీధి అరుగు మీదికి వచ్చి, "వాడింకా రాలేదేమే?" అని అడిగేది. అంతవరకు ఆమెను చూసుకుంటున్న బంధువు నిజమే చెప్పేది. "నీ కొడుకు పోయి ఇన్నేండ్లయింది కదమ్మా," అనేది. అవ్వ అప్పుడే విన్నట్లు గుండెలు బాదుకొని ఏడ్చేది. ఆమెకు అది అప్పుడే వినడం. తెల్లారేసరికి మరిచిపోయేది. సాయంత్రం మళ్లీ అడిగేది, మళ్లీ ఏడ్చేది.

అత్త వచ్చిన సాయంత్రం ఇదంతా చూసింది. మరునాడు అవ్వ అరుగు మీదికి వచ్చినప్పుడు తనే జవాబు చెప్పింది.

"నదికి పోయినాడమ్మా."

"ఔనా?" అన్నది అవ్వ. "పొద్దు మునిగేలోపల వస్తాడులే. నువ్వు అన్నం వండుపో."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. శనివారాలు నేను ఆదోని పోయినప్పుడల్లా ఆ మాట వినేదాన్ని. విన్నప్పుడల్లా నా చూపు తెలియకుండానే వీధి చివరికి పోయేది. తడి పంచెతో ఎవరో మలుపు తిరుగుతున్నట్లే ఉండేది. నేను పుట్టకముందే పోయిన మనిషి నాకు ఆ అరుగు మీదనే తెలిసినాడు.

అత్త ఆదోనిలోనే కాలేజీలో చేరి చరిత్ర చెప్పింది. పిల్లలు మొదట్లో భయపడుతూనే అడిగేవారు. "మేడం, ఆడ శవాలు లేస్తాయంట, నిజమేనా?" అని ఒకడు అడిగితే, "శవాలు లేయవప్పా. పేర్లు లేస్తాయి," అన్నది.

ఒకసారి నేను ఆమెను అడిగినాను, ఆ మాటలు పలికితే ఎట్లుంటాయని. ఒక మాట పలికింది. గొంతులో ఏదో తట్టుకున్నట్లు వినపడింది.

"నిజంగా ఇట్లే పలికేవాళ్లా?"

"ఎవరికి తెలుసు? వాళ్లు అచ్చులు రాయలేదు. నువ్వు తెలుగు పంతులమ్మవు కదా, మన వ్యాకరణంలో అచ్చులను ఏమంటారు?"

"ప్రాణాలు."

"అదే. వాళ్లు ఒళ్లు రాసిపెట్టి పోయినారు. ప్రాణం చదివేవాళ్లు పోయాల."

ఆ తర్వాత చాలా రోజులు తరగతిలో వర్ణమాల చెప్పేటప్పుడల్లా నేను అచ్చుల దగ్గర ఒక్క క్షణం ఆగేదాన్ని.

కాలేజీ పిల్లలను ఆదోని కొండ మీది కోటకు తీసుకుపోయినప్పుడు నన్నూ రమ్మన్నది. పొదల్లో ఒక శాసనం రాయి ఉంది. అక్షరాలను ఎవరో కావాలనే కొట్టేసినారు. అత్త చీర కుచ్చిళ్లు దోపుకొని నేల మీద కూర్చొని, చేతి అద్దంతో ఎండను పక్కవాటుగా రాయి మీదికి మళ్లించింది. ఏమీ లేదనుకున్న చోట సన్నని నీడలు లేచినాయి. పిల్లలు చుట్టూ వంగి చూస్తున్నారు. చాలాసేపు అద్దం అటూ ఇటూ తిప్పింది. చివరికి ఒక్క మాట తేలింది, "కొడుకు" అని. దాని ముందరి పేరూ రాలేదు, తర్వాతి పేరూ రాలేదు. "ఇంకా చూడండి మేడం," అన్నారు పిల్లలు. అత్త అద్దం దించేసింది. "చాలు. దిగుదాం పదండి," అన్నది.

ఆమె చదువుకున్న దేశం నుంచి మళ్లీ రమ్మని పిలుపు వచ్చింది. పెద్ద పదవి. ఆ శాఖకంతా ఆమే పెద్ద. నేను, మా నాయన కలిసి పోయి, "అవ్వను మేం చూసుకుంటాం, నువ్వు పో," అని బతిమాలినాము.

"చూసుకుంటారు. నాకు తెలుసు," అన్నది. "సాయంత్రం అడిగితే ఏం చెప్తారు?"

"నువ్వు చెప్పేదే చెప్తాం అత్తా."

"మీరు చెప్తే అది అబద్ధమైతుంది," అన్నది. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. మా నాయనకు అయిందేమో, ఆయన కండువా తీసి భుజం మీద వేసుకొని లేచినాడు.

తర్వాత రెండేండ్లకు, అవ్వ బాగా క్షీణించిన రోజుల్లో, ఒక సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అవ్వ అరుగు మీద కూర్చొని వీధిని చూస్తోంది. ఎప్పటి ప్రశ్న అడగలేదు. అత్తే తనంతట తాను, "నదికి పోయినాడమ్మా," అన్నది.

"ఎవరు?" అన్నది అవ్వ.

"నీ కొడుకు."

"నాకు కొడుకున్నాడా?" అవ్వ నెమ్మదిగా తల తిప్పింది. "వాని పేరేమి?"

మా ఇండ్లలో ఆడవాళ్లు మొగుని పేరు పలకరు. అత్త ఎన్ని దేశాలు తిరిగినా ఆ పేరు పలకలేదు. ఆఫీసుల్లో అడిగితే రాసి చూపించేది. ఆ పేరు నాకు తెలుసు. చెప్పబోయి నోరు తెరిచినాను. అత్త చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

ఆ పేరు తనే పలికింది. సగంలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, రాతి మీద చూసి చదివినట్లు పలికింది.

అవ్వ విని, "మంచి పేరు. ఎవరు పెట్టినారు?" అన్నది.

"నువ్వే పెట్టినావమ్మా."

అవ్వ ముఖం విప్పారింది. కొత్తగా నేర్చుకున్న పిల్లలాగా ఆ పేరును వీధి వైపుకు పిలిచింది. కాసేపాగి ఇంకోసారి పిలిచింది. అత్త లేచి లోపలికి పోయింది. నేను వెనక పోయి చూస్తే పొయ్యి ముందర నిలబడి ఉంది, పొయ్యి వెలిగించలేదు. నేను దగ్గరికి పోలేదు. బయట అవ్వ పిలుస్తూనే ఉంది.

ఆ ఎండాకాలమే అవ్వ పోయింది. ఇక అత్త తిరిగి పోతుందనుకున్నాము. పోలేదు. పై దేశాల నుంచి రాళ్ల ఫొటోలు కవర్లలో వస్తూనే ఉండేవి, ఈమె చదివి పంపుతూనే ఉండేది. రిటైరైనాక కూడా పిల్లలు ఇంటికి వచ్చి చదువుకునేవారు. ఒక శనివారం పొద్దు వాలేటప్పుడు నేను వీధి మలుపు తిరిగేసరికి అత్త అరుగు మీద ఒంటరిగా నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆ రాళ్ల భాష ఏదో వల్లెవేస్తోందనుకున్నాను. దగ్గరికి పోతే వినపడింది, "నదికి పోయినాడమ్మా."

నన్ను చూసి దాచుకోలేదు. "అడిగేవాళ్లు పోయినారు. జవాబు మాత్రం ఈడనే ఉండిపోయిందే," అన్నది. తర్వాత, "కాఫీ తాగుతావా?" అని లోపలికి దారి తీసింది.

నేను రాసే నాలుగు ముక్కల్లో ఏ మాటనూ తొందరపడి వాడకపోవడం ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఆ రుణం ఎట్లా తీరుతుందో తెలియదు.

గురువారం మధ్యాహ్నానికి అన్నీ అయిపోయినాయి. మా తమ్ముడు నిప్పు పెట్టినాడు. కాలేజీ పిల్లలు, ఇప్పుడు నెరిసిన తలలవాళ్లు, చాలామంది వచ్చినారు. బీబమ్మ తన ఇంటి గడపలోనే కూర్చొని ఏడ్చింది. సాయంత్రం బస్సుకు నేను ఎమ్మిగనూరు బయలుదేరినాను. పత్తి బండ్లు పోయే కాలం. ఊరు దాటినాక రోడ్డుకు రెండు పక్కలా తుమ్మకొమ్మలకు పత్తి చిక్కుకొని వేలాడుతోంది. బండ్లు ఎప్పుడో పోయినాయి. ఒకచోట ఒక ముసలామె చెట్టు కింద నిలబడి, ముండ్లు గుచ్చుకోకుండా ఒక్కొక్క పోగే తీసి ఒడిలో వేసుకుంటోంది. బస్సు ఆమెను దాటి చాలా దూరం వచ్చినాక తిరిగి చూసినాను. ఆమె ఇంకా ఆ కొమ్మ దగ్గరే ఉంది.