జాన్ బాబు విశాఖలో తీసుకున్న నెల్లాళ్ళ ఇల్లు

జాన్ బాబు అంటే అనకాపల్లి చుట్టుపక్కల మోటారున్న ప్రతి చెరకు రైతుకూ తెలుసు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగంతా లాగేసి, కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చెయ్యడం అతని పని. సమద్ గారి షాపులో చేస్తాడు. నా చెల్లెలు ఆరోగ్యమేరి కొడుకు. తండ్రి యేసుపాదం చిన్నప్పుడే పోతే ఆ షాపులో పనికి పెట్టింది నేనే. నేను తుమ్మపాల బడిలో ఐదో తరగతి దాకానే చదివాను. అయినా చక్కెర మిల్లులో మేస్త్రీగా రిటైరయ్యాను. మా వీధికి కుళాయి తెచ్చింది నేను. గుడికి, అదే మా చర్చికి, పెంకులు దింపించి శ్లాబు పోయించింది నేను. విడిపోతామని పంతం పట్టిన మొగుడూ పెళ్ళాల్ని మా అరుగు మీద కూర్చోబెట్టి కలిపి పంపిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మనిషిని చూస్తే ఏ పనికి వస్తాడో నాకు తెలిసిపోతుంది. జాన్ బాబును చూసినప్పుడూ తెలిసింది, చెయ్యి మంచిది.

అతనిలో లోటు ఒక్కటే. కాదు అనడం రాదు. ఆదివారం పూజ నుంచి వస్తుంటే ఎవరో మిక్సీ చేతిలో పెడతారు, చొక్కా మార్చుకోకుండానే కూర్చుంటాడు. డబ్బు ఇస్తే తీసుకుంటాడు, ఇవ్వకపోతే అడగడు. మనసులో మాట చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం చేతికి ఏది దొరికితే దాని స్క్రూలు విప్పుతాడు.

రెండువేల ఐదు మే నెలలో గొలుగొండ పిల్ల రోజలిన్‌తో అతని పెళ్ళి నా చేతుల మీదుగానే జరిగింది. మే అంటే మోటార్లు కాలే నెల. పెళ్ళి మర్నాడే షాపుకి వెళ్ళాడు. మా వీధిలోనే ఉన్న మా చెల్లెలి ఇల్లు చూస్తే, ముందు వరండా, ఒక గది, వెనక వంటపాక, పెరడు. పెరట్లోకి దారి ఆ గదిలోంచే. కొత్తజంటకు గది ఇచ్చేసి తల్లీ, కూతురు ఫెబా వరండాలోకి మారారు. ఇచ్చారన్న మాటే గాని బియ్యం డ్రమ్ము అక్కడే ఉంది, ఫెబా కాలేజీ పుస్తకాలు అక్కడే ఉన్నాయి. పొద్దున లేస్తే చెంబు పట్టుకుని ప్రతి ఒక్కరూ అందులోంచే నడవాలి. ఆ ఇద్దరూ కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకున్నది నేను చూడలేదు.

వానలు పడి, మోటార్ల పని తగ్గాక సమద్ గారు నెల్లాళ్ళు సెలవిచ్చారు. అప్పుడు వచ్చాడు జాన్ బాబు మా ఇంటికి.

"మావయ్యా, వైజాగులో నెల్రోజులకి ఇల్లేదైనా దొరుకుద్దా?"

"దేనికిరా?"

"ఊరికే. తను సముద్రం సూడనేదంట."

"సూడ్డానికైతే పొద్దున్నెల్లి సాయంత్రం రావచ్చు గదా. నేదంటే లాడ్జిలో దిగండి."

"లాడ్జంటే అమ్మ ఒప్పుకోదు. పోలీసులొచ్చి పేర్లడుగుతారంట." అని నా టేబుల్ ఫ్యాను దగ్గరికి లాక్కున్నాడు. "ఇదేటి మావయ్యా, బుష్షు అరిగిపోనాది."

ఫ్యాను ముక్కలు ముక్కలుగా నేల మీదికి దిగుతుంటే నాకు అర్థమైంది. పాపం, ఇంకేమని అడుగుతాడు.

ఇల్లు వెతకడానికి ముగ్గురం ప్యాసింజరు బండిలో వెళ్ళాం. నేను మొదట కంచరపాలెం తీసుకెళ్ళాను. అక్కడ సగం మంది మనవాళ్ళే, అవసరానికి మనిషి ఉంటాడని నా ఉద్దేశం. వీధిలో అడుగు పెట్టామో లేదో, "ఎవులూ, మేరమ్మ కొడుకా? కొత్త పెళ్ళికూతురా? రండి, రండి" అని మూడు గుమ్మాల్లోంచి పిలుపులు. ఒకావిడ ఆ వారమంతా ఎవరింట్లో ఏ పూట భోజనమో అప్పుడే మాట్లాడేసింది. వాటా బాగానే ఉంది. రోజలిన్ మాత్రం పక్కింటి గోడకీ ఈ గోడకీ మధ్య సందులోకి తొంగి చూసి వెనక్కి వచ్చింది.

"ఏమ్మా, నచ్చలేదా?" అన్నాను.

"బాగుంది పెదనాన్నగారూ," అంది. అనేసి మొగుడి వైపు చూసింది. మొగుడు గుమ్మం పక్కన స్విచ్చు బోర్డు విప్పుతున్నాడు.

తర్వాత ఎంవీపీ కాలనీలో ఒక అపార్టుమెంటుకు వెళ్ళాం. అక్కడ సంఘం సెక్రటరీ అట, కుర్చీలోంచి లేవకుండానే ఎంతమంది, ఏం ఉద్యోగం, ఏం తింటారు అని అడిగాడు. నెల్లాళ్ళకైతే ఇవ్వం అన్నాడు. కలెక్టరు ఆఫీసులో మూడు గంటలు నిలబడి కుళాయి సంతకం పెట్టించుకున్న మనిషిని నేను. ఆ సంగతి చెప్పాను. ఆయన పేపరు తిరగేసుకున్నాడు.

చివరికి బీచి దగ్గర పాండురంగాపురంలో మేడ మీద వాటా ఒకటి ఖాళీగా కనిపించింది. ఇంటావిడ పేరు తలుపులమ్మ. కింద వాటాలో ఉంటుంది.

"ఆషాడమండీ. ఈ నెల్లో కొత్తగా ఎవులూ దిగరు, అందుకే కాళీ," అంది. "శ్రావణంలో దిగుతామని వేరేవోళ్ళు మాటిచ్చేరు. మీకు పట్టింపు నేదా?"

"మాకు ఆషాఢం నేదమ్మా, మేం కిరస్తానీలం," అన్నాను.

"ఐతే శ్రావణం దాకా ఉండండి. ఇల్లు కాళీగా పడుండేకన్నా దీపం ఎలుగుద్ది."

నేను మేస్త్రీ కన్నుతో అంతా చూశాను. ముందు హాలు, వంటగది, లోపల పడకగది. పడకగదిలోనే స్నానాలగది, అటాచ్డ్. అది చూడగానే నా ఛాతీ పొంగింది. మా వంశంలో అటాచ్డ్ బాత్రూమున్న ఇంట్లో ఎవరూ ఒక్కరోజు కాపురం చెయ్యలేదు. కుళాయి తిప్పాను, నీళ్ళు ధారగా వచ్చాయి. జాన్ బాబు కరెంటు మెయిను చూశాడు. రోజలిన్ డాబా మీదికి వెళ్ళి ఎంతకీ దిగలేదు. పైకి వెళ్ళి చూస్తే సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది, చెంగు గాలికి ఎగిరి మొహం మీద పడుతున్నా తీసుకోవడం లేదు.

"ఇదే పెదనాన్నగారూ," అంది. ఆ పిల్ల నోట ఇష్టం అనేది వినడం నాకు అదే మొదలు.

ఆదివారం ఇంట్లో దిగారు. కొత్త ఇంట్లో దిగితే పాలు పొంగించాలి, ప్రార్థన చెయ్యాలి. ఆ రెండూ పెద్దవాళ్ళ చేతుల మీదుగా జరగాలి. మా చెల్లెలు గిన్నె, పాలు, జపమాల తీసుకుని బయల్దేరింది. నేను ప్రార్థన చెప్పాను, ఆమె పాలు పొంగించింది. సాయంత్రం బండికి నేను లేచాను.

"నడు మేరీ," అన్నాను.

"రేపొత్తానన్నియ్యా. పిల్లకి గ్యాసు పొయ్యి కొత్త. వంట సర్ది వత్తాను."

రేపు అంది, రాలేదు. రెండోనాడు ఫెబా కూడా కాలేజీకి డుమ్మా కొట్టి సముద్రం చూస్తానని వెళ్ళింది, అదీ రాలేదు. వారం చివర నేను వెళ్ళాను. హాల్లో రెండు చాపలు, తాడు మీద ఆరేసిన ఫెబా పరికిణీలు. అదే సమయంలో మా చెల్లెలు తువ్వాలు భుజాన వేసుకుని పడకగది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది, స్నానానికి. ఆ వెనకే ఫెబా బకెట్టుతో. అప్పుడుగాని నాకు తట్టలేదు. ఆ వాటా మొత్తానికి ఉన్న స్నానాలగది అదొక్కటే. ఛాతీ పొంగించి చూసిన మేస్త్రీకి గాని, మెయిను చూసిన మెకానిక్కుకు గాని, డాబా ఎక్కిన పెళ్ళికూతురికి గాని తట్టని సంగతి అది. అనకాపల్లి ఇంట్లో పెరటిదారి ఎలాగో, ఇక్కడ ఇది అలాగే అయింది.

జాన్ బాబు హాల్లో కూర్చుని తలుపులమ్మ గారి రేడియో విప్పుతున్నాడు. పక్కనే ఇంకెవరివో రెండు ఇస్త్రీపెట్టెలు వంతు కోసం చూస్తున్నాయి.

"సముద్రం బాగుందా?" అన్నాను.

"అమ్మా, ఫెబాయే సాయంత్రాలు ఎల్తన్నారు మావయ్యా," అన్నాడు.

రోజలిన్ వంటగదిలోంచి టీ తెచ్చి ఇచ్చింది. కళ్ళెత్తలేదు.

ఇక లాభం లేదని చెల్లెల్ని డాబా మీదికి తీసుకెళ్ళాను. తగువులు తీర్చిన అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని మొదలుపెట్టాను. "మేరీ, కొత్తగా పెళ్ళైనోళ్ళు కదా..."

"అవునన్నియ్యా. అందుకే నేనుండాల. ఆడు బయటికెల్తే పిల్ల ఒక్కత్తే అయిపోద్ది."

"ఆడు బయటికెందుకెల్తాడు, ఆళ్ళిద్దరూ..." వేరేవాళ్ళ ఇంటి సంగతి అయితే ఎంతైనా చెప్పగలను. తోడబుట్టినదానితో, నీ కొడుకును పెళ్ళాంతో ఒంటరిగా వదలమని ఏ నోటితో చెప్పను?

బట్టలు ఆరేస్తున్న తలుపులమ్మ అంతా విన్నది. తెలివైన మనిషి, అడ్డదారిలో వచ్చింది. "మేరమ్మగారూ, ఆషాడంలో అత్తాకోడళ్ళు ఒక్క గడప దాటకూడదండీ. మా దాంట్లో ఐతే ఈపాటికి వేరేసేద్దురు."

నా ప్రాణం లేచి వచ్చింది. అవునమ్మా, అన్నట్టు తలాడించాను కూడా. ముప్పై ఏళ్ళు గుడి పెద్దగా ఉన్నవాణ్ణి, ఆషాఢం పట్టింపు నిజమైతే బాగుండునని కోరుకున్నాను.

"మాకలాటియేం నేవమ్మా," అంది మా చెల్లెలు నవ్వి. "ఆ పట్టింపుంటే మీ ఇల్లు మాకు దొరికేదా?"

చెల్లెలు పిట్టగోడ మీద చేతులు పెట్టి సముద్రం వైపు చూసింది. "అన్నియ్యా, ఆయన పోయినకాడ్నుంచి బెల్లం మార్కెట్లో దిమ్మలు మొయ్యడం నేకుండా పొద్దు గడిచింది ఇక్కడే. నేనాళ్ళకేం అడ్డం? నా మానాన నేనుంటన్నాను." ఎటువైపు మాట్లాడినా ఒకరి కడుపు మీద కొట్టినట్టే. టీ గ్లాసు కింద పెట్టి బండెక్కాను.

రోజులు గడిచిపోతున్నాయి. సెలవు అయిపోతే మళ్ళీ అదే గది, అదే దారి. అలాంటిది ఒక పొద్దున జాన్ బాబు, రోజలిన్ సంచీతో మా వీధిలో దిగారు.

"ఏరా, అమ్మేదీ?"

"అక్కడే ఉంది. అమ్మా నువ్వుండు, మేం ఎల్తాం అన్నాను," అన్నాడు. తనే ఆశ్చర్యపోతున్నట్టు అన్నాడు. "అద్దె కట్టిన ఇల్లు కాళీగా ఎందుకుంచాలని అమ్మా, ఫెబా ఉండిపోనారు."

రోజలిన్ తాళం తీసింది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు, తలుపు మూసుకుంది.

ఇక్కడ మా వీధి సంగతి చెప్పాలి. మా వీధిలో పగలు తలుపు వెయ్యరు. ఎవరింటి తలుపైనా పగలు మూసి ఉందంటే లోపల రోగమో, చావో అయి ఉంటుందని లెక్క. మధ్యాహ్నానికి ఎదురింటి బుల్లమ్మ కూరగిన్నె పట్టుకుని వెళ్ళి పిలిచింది. "వద్దండీ, తినేసేం," అని లోపల్నుంచి మాట వచ్చింది గాని తలుపు తెరుచుకోలేదు. సాయంత్రం ఎర్రయ్య కాలిన ఫ్యాను తెచ్చాడు. "రేపు రండి," అన్నాడట జాన్ బాబు.

అదే కొంప ముంచింది. జాన్ బాబు పని వద్దనడం వీధిలో ఎవరూ ఎరగరు.

మర్నాడు కూడా తలుపు తియ్యకపోయేసరికి జనం మా అరుగు ముందు చేరారు.

"ఏదో అయ్యింది పెద్దయ్యా. పిల్లోడి గొంతు అదోలాగుంది," అంది బుల్లమ్మ.

"ఏం అవ్వనేదు, ఎల్లండి."

"అవ్వకపోతే తలుపెందుకేసేరు?"

నేను ఏమని చెప్పను? కొత్తగా పెళ్ళైన వాళ్ళు తలుపు వేసుకున్నారంటే సంగతి తెలియదా అని నడివీధిలో, ఆడవాళ్ళ ముందు, గుడి పెద్ద అనే మాటేనా? "పడుకున్నారేమో," అన్నాను.

"రెండ్రోజులా?" అన్నాడు ఎర్రయ్య.

మా వీధికి కుళాయి తెచ్చిన మాట, శ్లాబు పోయించిన మాట, అన్నీ ఆ అరుగు మీద నాతోపాటు కూర్చున్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. నేను వారిస్తుండగానే బుల్లమ్మ ఎస్టీడీ బూతుకు వెళ్ళి మా గోడ మీద రాసున్న తలుపులమ్మ నంబరుకు ఫోను కొట్టేసింది, మీ అబ్బాయికీ కోడలికీ బాగోలేదని.

మధ్యాహ్నం బస్సులో దిగింది మా చెల్లెలు. జుట్టు చెదిరిపోయి, ఒక కాలికి చెప్పు లేదు, వెనక ఫెబా ఏడుస్తూ. వీధంతా ఆమె వెంట నడిచింది. నేనూ నడిచాను, ఆపడానికో, చూడ్డానికో నాకే తెలియదు. రెండు చేతులతో తలుపు బాదింది.

"జానూ. ఒరే జానూ."

గడియ తీసిన చప్పుడు. జాన్ బాబు బనీనుతో నిలబడ్డాడు. అతని వెనక రోజలిన్, సగం అల్లిన జడ చేత్తో పట్టుకుని. గదిలో చాప మీద రెండు కంచాలు పక్కపక్కన ఉన్నాయి. ఇద్దరి మొహాల్లోనూ అప్పటిదాకా నవ్వుకున్న నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. వీధిని చూశాక పోయింది. జాన్ బాబు చేతులు గాలిలో స్క్రూ కోసం వెతికాయి, ఏమీ దొరకలేదు.

మా చెల్లెలు కొడుకును చూసింది, కోడల్ని చూసింది, ఆ కంచాల్ని చూసింది. బాదిన చేతులు మెల్లగా దించుకుంది. ఆమె వెనక వీధి వీధంతా మెడలు చాచి ఉంది.

తర్వాత ఆమె ఇటు తిరిగి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"జొరం," అంది. "అమ్మోరు పోసినట్టుంది. ముట్టుకుంటే అంటుకుంటాది, ఎల్లండెల్లండి. పిల్లల్ని ఇటు రానీకండి."

జనం రెండడుగులు వెనక్కి వేశారు. బుల్లమ్మ నా మొహంలోకి చూసింది. "అవునా పెద్దయ్యా?"

అబద్ధం ఆడడన్న పేరు నాకు మిల్లులోనూ ఉంది, గుడిలోనూ ఉంది. నేను నేల చూశాను. బుల్లమ్మ దాన్నే జవాబుగా తీసుకుని పిల్లల్ని లాక్కుని వెళ్ళిపోయింది.

చెల్లెలు వెనక్కి చూడకుండా చెయ్యి వెనక్కి పెట్టి తలుపు దగ్గరకు లాగింది.

"అన్నియ్యా," అంది, ఫెబా చెయ్యి పట్టుకుని, "మీ ఇంట్లో పెరట్లోకి దారి బయట్నుంచే గదా. సెలవయ్యేదాకా మేమిద్దరం అక్కడుంటాం. వదిన్ని పొయ్యి మీద అన్నం పెట్టమను."