ట్రేలో వెలిగిన కోడ్

బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ చేసినంతకాలం కత్తెర ఆమె చేతిలో ఉండేది. భుజం పట్టేసి మానేశాక అది నోట్లోకి మారిందని ఆమె మరిది అంటాడు. కుట్టుపని ఆడవాళ్లందరికీ ఆమె కత్తెర పిన్ని.

ఇంట్లో కూర్చున్న మనిషి ఊరుకోలేదు. 'కుట్టు కబుర్లు' అని ఇంటర్నెట్‌లో ఒక సైటు పెట్టింది. ఎవరైనా తోచిన పేరుతో చేరవచ్చు, తమ లైనులో జరిగేది రాయవచ్చు. సెల్‌ఫోన్లు బాగుచేసే మరిది దాన్ని నడిపించే పని చూసుకునేవాడు.

మొదట ఆడవాళ్లు వచ్చారు. వాళ్ల వెనకే ప్రకటనలు గుప్పించే బట్టతల మందువాడు వచ్చాడు. ఒక్కడే వందల పేర్లతో చేరాడు. తర్వాత పేకాటవాళ్లు, సులభ రుణాలవాళ్లు. ఓవర్‌టైము ఎగ్గొట్టారని ఒకామె రాస్తే, దాని కింద ముప్ఫై గుండ్లకు జుట్టు మొలిచింది. పిన్ని విసిగిపోయి, "ఏదో ఒకటి చెయ్యరా" అంది. మరిది చేశాడు. చేరాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి, దానికి వచ్చే కోడ్ కొట్టాలి. మందువాడు మాయమయ్యాడు. ఇద్దరూ సంతోషించారు.

ఆ సంతోషం కాజాలు కుట్టే పిల్ల ఇంటికి వచ్చేదాకా నిలిచింది.

"నీ కబుర్లలో చేరబోయి పని పోగొట్టుకున్నాను పిన్నీ" అంది, గుమ్మంలోనే నిలబడి.

ఆమె పనిచేసే ఫ్యాక్టరీలో గంట మోగగానే అందరూ ఫోన్లు సూపర్‌వైజరు బల్ల మీది ట్రేలో పెట్టాలి. ఈ పిల్ల భోజనాల వేళ పెరట్లో నిలబడి నంబరు కొట్టింది. కోడ్ రాలేదు. గంట మోగింది. ఫోను ట్రేలో పెట్టి మిషను దగ్గర కూర్చుంది. అప్పుడు వచ్చింది కోడ్. 'కుట్టు కబుర్లులో చేరడానికి మీ కోడ్' అన్న ముక్క తెర మీద వెలిగింది. సూపర్‌వైజరు లైనంతా వినేలా చదివి, "కబుర్లు చెప్పుకునేవాళ్లకి ఇక్కడేం పని?" అన్నాడు. సాయంత్రం రేపటినుంచి రావద్దన్నాడు.

"ఏం రాద్దామనుకున్నావే?"

"మధ్యాహ్నం దాకా మరుగుదొడ్డికి తాళమేస్తున్నారు. తాళంచెవి వాడి జేబులో. నీళ్లు తాగడం మానేశాం అందరం. అదే."

పిన్ని మరిదికి ఫోను చేసింది. వాడు షాపునుంచి చేతిలో స్క్రూడ్రైవరుతోనే వచ్చాడు.

"ఎలుకల మీద కోపంతో కొంప తగలబెట్టావు కదరా."

"నువ్వే కదా వదినా, ఏదో ఒకటి చెయ్యమన్నావు."

"అన్నాను. నా నోట్లో మన్నుకొట్ట. ఇప్పుడా నంబర్లు ఎక్కడున్నాయి?"

"మన దగ్గరే. భద్రంగా ఉన్నాయి."

"ఎవరికి భద్రం? రేపు కంపెనీ వకీలు వచ్చి బల్లగుద్ది అడిగితే నువ్వు నిలబడతావా? ఫ్యాన్ రెక్క విరిగితేనే బల్ల కింద దూరావు."

కాజాల పిల్లకు నవ్వు వచ్చింది. కోపం మాత్రం పోలేదు.

"నంబరు తీసేస్తే పొద్దుటికల్లా ఆ చెత్తంతా మళ్లీ వస్తుంది వదినా. ఆపడం నా వల్ల కాదు."

"రానీ. కొత్తవాళ్లు ఏం రాసినా ముందు నాకే కనపడేలా పెట్టు. చెత్తయితే నేను ఊడ్చుకుంటాను. నాకు వేరే ఏం పనుంది?"

"రోజంతా అదే పనవుతుంది."

"నంబర్లు తుడిచెయ్. నా ముందే."

వాడు గొణుక్కుంటూ కూర్చున్నాడు. తీసుకున్న నంబర్లన్నీ చెరిపేశాడు. చేరే చోట నంబరు అడిగే గడి తీసేశాడు. ఇక చేరడానికి ఒక మారుపేరు చాలు.

"ఇప్పుడు రాయవే" అంది పిన్ని.

పిల్ల కదల్లేదు. "నువ్వు రాయి, నేను చెప్తాను. నా అసలు పేరు, నా లైను నంబరు పెట్టు. నాకెలాగూ పని పోయింది, ఇంక దాచేదేముంది? లోపలున్నవాళ్లని మాత్రం ఎవరని అడగొద్దు."

పిన్ని టైపు చేసింది. తాళం, తాళంచెవి, సూపర్‌వైజరు జేబు, అన్నీ. పిల్ల ఒక్క మాట కూడా మెత్తబరచనివ్వలేదు. 'ఇబ్బంది' అని పిన్ని కొడితే, "ఇబ్బంది కాదు, మంట అని రాయి" అంది.

మర్నాడు మరిది చెప్పినట్టే అయింది. బట్టతల మందువాడు తిరిగి వచ్చాడు, చుట్టపక్కాలతో సహా. పిన్ని పట్టేసిన భుజంతో ఒక్కొక్కటే తీసి పారేస్తూ, వాడి వంశాన్ని పేరుపేరునా తిడుతూ కూర్చుంది. పక్కన పిల్ల కూడా కూర్చుంది. ఆమెకు వెళ్లడానికి వేరే చోటు లేదు.

రుణాల ప్రకటనకూ పేకాటకూ మధ్య ఒక ముక్క కనపడింది. 'మా లైనులోనూ తాళమే. నిన్న ఒకామె కళ్లు తిరిగి మిషను మీద పడిపోయింది.' పేరు చోట 'ఎవరో ఒకత్తె' అని ఉంది.

"ఎవరు పిన్నీ?" అంది పిల్ల, తెర మీదకు వంగి.

"తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు" అంటూ పిన్ని దాన్ని అందరికీ కనపడేలా పెట్టింది.