అద్దె సూటులో కోచ్ గారి దగ్గరికి

తన గోతిని తానే తవ్వుకునే మనిషిని మీరు చూసే ఉంటారు. సూటు అద్దెకు తెచ్చుకుని మరీ తవ్వి, అందులో పడ్డ ఇంకొకణ్ణి భుజాల మీద ఎక్కించి బయటికి పంపి, తాను మాత్రం లోపలే ఉండిపోయినవాణ్ణి చూసి ఉండరు. కాస్త దగ్గరికి జరగండి, ఆ మహానుభావుణ్ణి నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. మా బాపు రిటైరైన ఫ్యాక్టరీ అది. నేను అందులో పన్నెండేళ్ళు స్టోర్స్ క్లర్కుగా చేశాను. ముప్పై ఆరేళ్ళ వయసులో, మూసీ ఒడ్డున పురానాపూల్ దగ్గర మా ఇంట్లో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతూ ఉండేవాణ్ణి. రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. రెండు చోట్లా కుర్చీలో కూర్చోగానే చేతులు వణికాయి, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మూడోది వచ్చే సోమవారం, ఒక మందుల కంపెనీలో. ఒక్కటే పోస్టు. అదీ పోతే మా పాపను ప్రైవేటు స్కూలు మాన్పించాలని నాకూ తెలుసు, నా భార్య పద్మకూ తెలుసు.

పద్మే దారి చూపించింది. "ఇంటర్వ్యూలకు నేర్పే కోచ్‌లు ఉంటరంట. మొదటి మీటింగ్ ఫ్రీ అంట. పేపర్ల మధ్యల ప్రకటన కాయితాలు పెడుతున్నరు గద, ఒక్కసారి పోయి చూడరాదు?"

మా గల్లీలో కోచ్ అంటే కబడ్డీ కోచే. అయినా మూడు కాగితాలు పట్టుకుని ఎస్‌టీడీ బూత్‌కు వెళ్ళాను. మొదటి నంబరులో ఒక మేడమ్. "మీకు దేనికి భయం? ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది. ముక్కూ మొహం తెలియనావిడకు నా భయాలెందుకని ఫోన్ పెట్టేశాను. రెండో ఆయన రిటైర్డ్ హెడ్‌మాస్టరు. "పోయిన ఇంటర్వ్యూలల్ల ఏం జరిగిందో కాయితం మీద రాసుకొని రా బిడ్డా" అన్నాడు. నా శవ పంచనామా నేనే రాసుకోవాలా? ఆయన్నీ కొట్టేశాను. మూడో ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు. "రండి సార్, తప్పకుండా రండి సార్" అన్నాడు. ఎంత మర్యాదస్తుడో అని మురిసిపోయి ఆయన్నే ఖాయం చేశాను.

ఇక తయారీ. పత్తర్‌గట్టిలో పెళ్ళి బట్టలు అద్దెకిచ్చే దుకాణంలో పనిచేసే యూసుఫ్ భాయ్ మా పక్కింటాయన.

"క్యా భాయ్, పహ్లీ ములాఖాత్ హై, మొదటిసారి కలుస్తున్నవ్. గిట్ల నలిగిన అంగీతోని పోతే ఇజ్జత్ ఏముంటది?" అని, పెళ్ళికొడుకులు వేసుకునే నల్ల సూటు తెచ్చి నా మీద పెట్టి చూశాడు.

కూటికి పేదైనా కోటుకు పేదా అన్నారు పెద్దలు. అనలేదంటారా? అనాల్సింది.

పద్మ మాత్రం గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "దవాఖానకు పోయేటోడు జొరం దాచిపెట్టుకొని పోతడా?"

"నీకు తెల్వదు, ఊకో. ఫస్ట్ ఇంప్రెషన్ అంటరు దీన్ని" అని బస్సెక్కాను.

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో జిరాక్స్ దుకాణం మీద చిన్న గది. కోచ్‌ది నా వయసే. నన్ను చూడగానే లేచి నిలబడి టై సర్దుకున్నాడు.

"మీరేం చేస్తుంటారు సార్?"

"స్టోర్స్ చూస్తుంటాను. నా కింద నలభై మంది."

వింత చూడండి, నాలుక ఎక్కడా అతుక్కోలేదు. నిజానికి మొరాయించే నా నాలుక అబద్ధానికి నూనె వేసిన చక్రంలా తిరిగింది. చెమట తుడుచుకుందామని కోటు జేబులోంచి రుమాలు లాగితే, ఏ పెళ్ళివో పసుపు తలంబ్రాలు బల్ల మీద జలజలా రాలాయి.

"ఇప్పుడే ఒక శంకుస్థాపన నుంచి వస్తున్నాను" అన్నాను.

"మరి మీ సమస్య ఏంది సార్?"

"సమస్యా? నాకా?" అని నవ్వాను.

అతను తలంబ్రాలను అరచేత్తో ఒక పక్కకు తోశాడు. తర్వాత సొరుగులోంచి ఒక ఫైలు తీసి నా ముందు పెట్టాడు. అది అతని బయోడేటా.

"తప్పుగ అనుకోవద్దు సార్. మా ఫ్యాక్టరీ బందైంది. పది దినాల కింద ఈ రూము తీసుకున్న. మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషి మీరే. మీ దగ్గర ఏదన్న ఖాళీ ఉంటే జర చూడుండ్రి. ఇద్దరు పిల్లలు సార్."

మీరైతే ఏం చేసేవారు? లేచి అతన్ని కౌగిలించుకునేవారు. నాకూ నిజం గొంతు దాకా వచ్చింది. కానీ ఒంటి మీద సూటు ఉంది కదా.

"సోమవారం ఒక మందుల కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది, వెళ్ళండి" అని పేరు, చోటు అన్నీ చెప్పాను. అక్కడితో ఆగానా? "కళ్ళలోకి చూసి మాట్లాడండి. చేతులు వణికితే ఒళ్ళో ఫైలు పెట్టుకుని దాని మీద ఆనించండి" అని రెండుసార్లు ఓడిపోయి నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. అతను నోట్‌బుక్‌లో రాసుకుని, రెండు చేతులా దండం పెట్టి, మెట్ల కింది దాకా వచ్చి సాగనంపాడు.

సోమవారం నా నలిగిన అంగీలో నేను వెళ్ళేసరికి బెంచీ మీద అతనున్నాడు.

"నమస్తే సార్! మీరే చేస్తున్నరా ఇంటర్వ్యూ?" అని దిగ్గున లేచాడు. అతన్ని చూసి బెంచీ మీద ఉన్న మిగతావాళ్ళందరూ లేచారు. సరిగ్గా అప్పుడే అటెండరు తలుపులోంచి తల బయటపెట్టి నా పేరు చదివాడు.

"ఎవరది? జల్ది రావాలె!"

"నేనే" అన్నాను. ఎవరి మొహమూ చూడకుండా లోపలికి నడిచాను. చేతులు వణికాయి. ఒళ్ళో ఫైలు పెట్టుకోవాలని అతనికి చెప్పాను గానీ, నేను తెచ్చుకోవడం మరిచాను.

ఉద్యోగం ఎవరికి వచ్చిందో వేరే చెప్పాలా? వారం తర్వాత, కంపెనీలో నా దరఖాస్తు మీదున్న అడ్రసు పట్టుకుని, మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చాడు.

"మీరు చెప్పినట్టే ఫైలు మీద చేతులు పెట్టిన సార్" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ దినం ఎందుకు చెప్పలే సార్? ఇద్దరం కలిసి ఏడ్చేటోళ్ళం గద" అన్నాడు.

అతను జేబులోంచి తాళం చెవి తీసి నా చేతిలో పెట్టాడు. "నెలాఖరు దాక ఆ రూము నాదే. మీరు కూసోండ్రి. కోచింగ్ మీకు మస్తు వస్తది."

అతను వెళ్ళాక పద్మ ఆ తాళం చెవి వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "జొరం దాచిపెట్టినోనికి దవాఖాననే ఇచ్చి పోయిండు" అంది.

ఆ జూన్‌లో పాప స్కూలు మాన్పించి సర్కారు బడిలో వేశాం. బడి గేటు దగ్గర అది నా వేలు వదలకుండా నిలబడినప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. మూసీ సాక్షిగా, ఎవరి పెళ్ళివో ఆ తలంబ్రాల సాక్షిగా, ఇక ఈ జన్మలో ఎవరైనా "మీ సమస్య ఏంది" అని అడిగితే నవ్వను, ముందు వణికే చేతులు చాపి చూపిస్తాను.