రెండో చివర ఏమంటోంది?

మాస్టారికి ఒకటే జబ్బు. ఏ సంగతైనా సరే, ఒక్కరు చెబితే నమ్మరు. ఇద్దరు చెప్పాలి, ఆ ఇద్దరూ ఎదురెదురు చివరల్లో ఉండాలి. వీధి గుమ్మంలోంచి భార్య "వాన పడుతోంది, గొడుగు పట్టుకెళ్ళండి" అంటే, ఆయన పెరటి వైపు తిరిగి "అత్తయ్యగారూ, అక్కడ కూడా పడుతోందా?" అని కేకేస్తారు. అత్తగారికి ఎనభై రెండేళ్ళు. ఆవిడ మంచం దిగి, చేతికర్ర వెతుక్కుని, పెరట్లోకి చెయ్యి చాపి "పడుతోంది నాయనా" అని తేల్చేసరికి వీధిలో వాన వెలిసిపోయి ఉంటుంది. మాస్టారు మాత్రం గొడుగు పట్టుకునే బయల్దేరతారు.

ఆయన పనిచేసే ఉపగ్రహ ప్రయోగశాలలోనూ ఇదే తంతు. క్యాంటీన్‌లో టీ బాగుందని ఎవరైనా అంటే చాలు, గిన్నెలు కడిగే మనిషిని పిలిచి "నువ్వేమంటావు?" అని అడుగుతారు. అతను చేతులు తుడుచుకుని, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని ఆలోచించి "చక్కెర తగ్గింది సార్" అంటాడు. ఈలోగా మాస్టారి టీ చల్లారిపోతుంది. వెనకాల అందరూ ఆయన్ను రెండు చివరల మాస్టారనే పిలుస్తారు.

ఈ జబ్బు ఆయనకు వృత్తిలోంచే అంటుకుందని తీగలక్క నమ్మకం. తీగలక్క అంటే ఆ ప్రయోగశాలలో పద్నాలుగేళ్ళుగా తీగలు చుడుతున్న ఆవిడ. మనం శూన్యమనుకునే అంతరిక్షంలో నిజానికి విద్యుత్తు నిండిన కణాలు తిరుగుతుంటాయి. దాన్నే ప్లాస్మా అంటారు. అక్కడి విద్యుత్ క్షేత్రాన్ని కొలవాలంటే, గిరగిరా తిరిగే ఉపగ్రహంలోంచి చెరో వైపుకీ యాభై మీటర్ల తీగ బయటికి సాగాలి. ఒక్కో తీగ కొసన టెన్నిస్ బంతంత గుండు ఉంటుంది. ఒక గుండు చెప్పే లెక్క ఒంటరిగా దేనికీ పనికిరాదు. ఎండ తగిలి ఉపగ్రహమే విద్యుత్తు పట్టి కూర్చుంటే ఆ గొడవంతా అందులో కలిసిపోతుంది. రెండు గుండ్లకీ మధ్య తేడా తీస్తేనే అసలు సంగతి తేలుతుంది. ఆ తేడా వణికిందంటే అటుగా ప్లాస్మా అల ఏదో పోతోందన్నమాట. పాతికేళ్ళు అదే పని చేసిన మనిషి ఇంటికెళ్ళి ఊరుకుంటాడా?

ఒక వారం తీగ లాగే పరీక్ష పెట్టారు. పొడవాటి హాల్లో ఒక చివర తీగచుట్ట ఉంది, రెండో చివర దాన్ని లాగే మోటారు. గాజు అద్దాల అవతల అతిథులు నిలబడి చూస్తున్నారు. పన్నెండు మీటర్లు వచ్చాక తీగ చుట్ట దగ్గర ఇరుక్కుని ఆగిపోయింది.

మర్నాడు మీటింగులో డైరెక్టరు గారు నివేదిక చదివేశారు. "చుట్టడంలో లోపం. ఆవిడను స్టోర్సుకు మార్చి, చుట్టే పని బయటివాళ్ళకిద్దాం. పరికరం మీది కాబట్టి సంతకం పెట్టండి మాస్టారూ."

మూల కుర్చీలో ఉన్న తీగలక్క తలెత్తి చూసింది. ఆ తీగలు ఆమెకు అన్నం పెట్టేవి మాత్రమే కావు, ఆమెకు గర్వం అనేది ఉంటే అది ఆ చుట్టల్లోనే ఉంది. కానీ పదిమంది ముందు ఆమెకు నోరు పెగలదు.

"రెండో చివర ఏమంటోంది సార్?" అన్నారు మాస్టారు.

"ఇరుక్కుంది చుట్ట ఉన్న ఈ చివరండీ!"

"అది ఈ చివర చెప్పే మాట."

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు కలం మూత పెట్టి జేబులో వేసుకున్నారు. "రేపు హాల్లో కలుద్దాం. అంతవరకూ సంతకం లేదు."

మర్నాడు అందరూ హాల్లో చేరారు. మాస్టారు తీగలక్కతో మెల్లగా "మాట్లాడకమ్మా. నీ చేత్తో లాగు, అంతే" అన్నారు.

ఆమె కొసను చుట్ట ఎత్తులోనే పట్టుకుని నడిచింది. మొదటి పది మీటర్లూ వెనక్కి చుట్ట వంక చూసుకుంటూనే ఉంది. పన్నెండు దాటింది, ఇరవై దాటింది. తీగ ఎక్కడా తడబడకుండా యాభై మీటర్లూ వచ్చేసింది. రెండో చివరకు చేరాక ఆమె తలెత్తి మోటారు వంక చూసి, తెలియకుండానే నోరు తెరిచింది.

"ఈ మోటారు స్టాండు బల్ల మీదెందుకుంది?"

డైరెక్టరు గారు గొంతు సవరించుకుని "అతిథులకు బాగా కనబడుతుందని…" అన్నారు.

"పైనుంచి లాగితే తీగ చుట్టపెట్టె రంధ్రం అంచుకి ఒరుసుకుంటుంది సార్. అందుకే ఇరుక్కుంది. చుట్టలో ఏ తప్పూ లేదు. దించి లాగి చూడండి!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

స్టాండు దించారు. బల్లకు ఒక పక్క డైరెక్టరు గారే చెయ్యేశారు. తీగను మళ్ళీ చుట్టి మోటారుతో లాగితే కొసదాకా సాఫీగా వచ్చింది. ఆయన నివేదికలో పాత వాక్యం కొట్టేసి, 'బల్ల నేనే వేయించాను' అని తన చేత్తో రాశారు. మాస్టారు సంతకం పెట్టారు.

సాయంత్రం గేటు వైపు నడుస్తుంటే తీగలక్కకు అనుమానమొచ్చింది. "మాస్టారూ, ఆ బల్ల సంగతి మీరు మొదటి రోజే చూశారు కదూ?"

"చూశాను."

"మీటింగులో ఒక్క ముక్క చెబితే పోయేది కదా!"

"నేను చెబితే నువ్వు స్టోర్సుకు వెళ్ళకుండా ఆగేదానివమ్మా, అంతే. రేపు ఇంకోటి ఇరుక్కుంటే మళ్ళీ నన్నే అడుగుతారు. ఇప్పుడు నిన్ను అడుగుతారు."

తీగలక్కకు, అందరూ నవ్వుతూ చెప్పుకునే ఆ మంచం దిగే అత్తగారు, గిన్నెలు కడిగే మనిషి కళ్ళముందు మెదిలారు. ఎవరూ అడగనివాళ్ళనే ఏరి ఏరి అడుగుతాడీ మనిషి, దానికి జబ్బని పేరు పెట్టుకుని నవ్వుకున్నాం కదా అనుకుంది. కళ్ళు చెమర్చాయి. వెంటనే కోపమూ వచ్చింది.

"బాగానే ఉంది గానీ, నిన్నంతా నాకు ముద్ద దిగలేదు, తెలుసా?"

మాస్టారు ఆగిపోయారు. గేటు దగ్గర స్కూటరు మీద ఆమె భర్త ఎదురుచూస్తున్నాడు. గబగబా అతని దగ్గరికెళ్ళి అడిగారు. "ఏమయ్యా, నిన్న ఈవిడ భోజనం చెయ్యలేదా?"

అతను భార్య వంక భయంగా చూశాడు. "బెంగతో నా వాటా కూడా తినేసిందండీ."